రంగం స్వామి

స్నానం చేయిస్తుండగా స్వామి కుడి చెయ్యి ఊడి ఇత్తడి పళ్లెంలో పడింది. పెద్ద చప్పుడేమీ కాలేదు. రత్నమాణిక్యం మాత్రం చెంబు పట్టుకున్నది పట్టుకున్నట్టే ఉండిపోయింది. వంటింట్లోంచి కోడలు కుసుమ వచ్చి చూసి, "అయ్యో అత్తయ్యగారూ!" అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

ఆకివీడు దాటి కొల్లేటి వైపు వెళ్లే రోడ్డు మీద, చేపల చెరువుల మధ్య ఉంది వాళ్ల ఇల్లు. దేవుడి గదిలో రాముడు, వెంకటేశ్వరస్వామి, దుర్గమ్మ పటాలన్నీ ఉన్నా, ఆ ఇంటి అసలు దేవుడు రంగం స్వామి. జానెడున్నర ఎత్తు కొయ్య విగ్రహం. కూర్చుని ఉంటాడు. పసుపూ కుంకుమా నూనే ఏళ్ల తరబడి పొరలు పొరలుగా పట్టేసి, ముక్కెక్కడో నోరెక్కడో తెలిసేది కాదు. ఆ ముద్ద మీద మైనంతో అతికించిన వెండి కళ్లు, వెండి మీసాలు. కళ్లు బాగా పెద్దవి. గదిలో ఏ మూల నిలబడ్డా మనల్నే చూస్తున్నట్టుండేవి.

ఆయన్ని ఆ ఇంటికి తెచ్చింది రత్నమాణిక్యం అత్తగారు వెంకటనరసమ్మ. ఆవిడ తండ్రి రంగంలో, అంటే రంగూన్‌లో, బియ్యం మిల్లులో పనిచేసేవాడు. యుద్ధం వచ్చి బాంబులు పడ్డప్పుడు మనవాళ్లు వేలమంది కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చేశారు. అప్పటికి వెంకటనరసమ్మకి పన్నెండేళ్లు. బయల్దేరేటప్పుడు పక్కింటి బర్మా ఆవిడ ఈ విగ్రహాన్ని తెచ్చి వాళ్లమ్మ చేతిలో పెట్టిందట. దారిలో జ్వరం వచ్చి అమ్మ పోయింది. బట్టల మూట కూడా మొయ్యలేక వదిలేసిన నాన్న, విగ్రహాన్ని మాత్రం వదల్లేదు. వెంకటనరసమ్మ ఇంతవరకే చెప్పేది. ఇంతకీ ఏ దేవుడని అడిగితే, "రంగం నుంచి నడిచొచ్చిన స్వామి" అనేది. కుడి చెయ్యి మోకాలి మీదుగా కిందికి వాలి నేలని చూపిస్తుండేది. "ఇక్కడే ఉంటానంటున్నాడు" అని దానికి అర్థం చెప్పేది.

ఏటా చెరువులో చేపలు పట్టే పట్టుబడి రోజున స్వామి పేరు మీద కోడిపుంజుని కోసేవారు. ఇంట్లో ఏం జరిగినా ఆయన వల్లే. జ్వరం తగ్గితే ఆయన దయ. చేపలు చచ్చిపోతే ఆయనకి ఏదో తక్కువైంది. పదిహేడేళ్లప్పుడు ఆ ఇంటి కోడలైన రత్నమాణిక్యానికి ఇప్పుడు అరవై ఏడు. ఇన్నేళ్లలో ఆయనకి నీళ్లు పొయ్యకుండా ఒక్క పూటైనా అన్నం ముట్టలేదు. భక్తి ఎంతో భయమూ అంతే. భర్త గుండెపోటుతో పోయిన ఏడు, ఆ ముందు వారంలో ఒకరోజు స్నానం పొద్దెక్కాక చేయించానని తల్చుకుని తల్చుకుని కుమిలిపోయింది. ఆ మాట ఎవరితోనూ అనలేదు.

సాయంత్రం కొడుకు దుర్గేష్ చెరువు నుంచి వచ్చి, పళ్లెంలో ఉన్న చేతిని చూసి కుర్చీలో కూర్చున్నాడు. కిందటేడు మబ్బు పట్టి, ఒక్క పూటలో సగం చేప చచ్చిపోయిన దగ్గర్నుంచి అతనికి నిద్ర సరిగ్గా లేదు.

"మొన్న పట్టుబడి రోజు వానలో పడి కోడి సంగతి మర్చిపోయాం. నేను అప్పుడే అన్నానమ్మా, తప్పు చేశామని," అన్నాడు.

మర్నాడు గుళ్లో పంతులుగారిని అడిగి వచ్చాడు. విరిగిన విగ్రహం ఇంట్లో ఉండకూడదన్నారట. ఆదివారం ఉప్పుటేట్లో కలిపేసి, శాంతి చేయించి, కొత్త విగ్రహం తెచ్చుకోమన్నారట.

"రంగం నుంచి మోసుకొచ్చింది ఉప్పుటేట్లో పారెయ్యటానికా?" అంది రత్నమాణిక్యం.

"పారెయ్యటం కాదమ్మా, నిమజ్జనం."

"ఆదివారం దాకా ఆగు," అంది. అంతకుమించి వాదించలేదు.

శుక్రవారం పొద్దున్నే దుర్గేష్ చెరువుకి వెళ్లగానే, స్వామినీ ఊడిన చేతినీ కుసుమ తన పాత నేతచీరలో చుట్టి బుట్టలో సర్ది ఇచ్చింది. రత్నమాణిక్యం ఆ బుట్టని ఒళ్లో పెట్టుకుని గణపవరం మీదుగా తాడేపల్లిగూడెం వెళ్లే బస్సెక్కింది. దారి పొడుగునా కండక్టర్ టిక్కెట్టు కోసం అడిగిన మాట తప్ప ఇంకేమీ ఆవిడ చెవిన పడలేదు.

గూడెంలో సీమోను అని ఒక వడ్రంగి ఉన్నాడు. యాభై అయిదేళ్ల మనిషి. వీళ్లు ఇల్లు కట్టుకున్నప్పుడు తలుపులూ కిటికీలూ ఆయనే చేశాడు. షెడ్డులో ఒక మంచం కోడుకి నునుపు పడుతున్నవాడు ఆవిడ్ని చూసి లేచి నిలబడ్డాడు.

"రండమ్మగారూ. కబురు చేస్తే నేనే వచ్చేవాణ్ణి కదండీ!"

రత్నమాణిక్యం బుట్టలోని చీర మూట విప్పి చూపించింది. చూపించాక సందేహం వచ్చింది.

"మీరు చర్చికి వెళ్లేవాళ్లు. ఇది చెయ్యమని అడగొచ్చో లేదో నాకు తెలియదు సీమోనుగారూ."

"మా ప్రభువూ వడ్రంగి పనే చేశాడండీ. ఇందులో నాకు ఇబ్బందేం లేదు," అని ఆయన చేతిని తీసుకుని, విరిగిన చోట గోటితో గీకాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. "టేకండీ. మంచి బర్మా టేకు. చెయ్యి విరగలేదమ్మగారూ, ఊడింది. మొదట్లోనే వేరే ముక్క చేసి, కొయ్యమేకు కొట్టి అతికించారు. ఆ మేకు కుళ్లిపోయింది. రోజూ నీళ్లు పోస్తారాండీ?"

"యాభై ఏళ్లుగా నేనే పోస్తున్నాను. అంతకుముందు మా అత్తగారు."

"ఇక మీదట నీళ్లు పొయ్యకూడదండీ," అన్నాడు సీమోను. "ఈ పసుపంతా తియ్యకపోతే అతుకు నిలవదండీ. తియ్యమంటారా?"

ఆవిడ ఆ వెండి కళ్ల మీద వేలు పెట్టింది. "తియ్యండి. కళ్లు మాత్రం జాగ్రత్త," అంది.

ఇంటికి వచ్చి కొడుకుతో ఉన్న సంగతి చెప్పేసింది. దుర్గేష్‌కి కోపం వచ్చింది. కానీ విగ్రహం ఇంట్లో లేకపోయేసరికి ఆదివారం గొడవ దానంతటదే ఆగిపోయింది.

పది రోజుల తర్వాత సీమోను ఫోన్ చేశాడు. "ఒకసారి రండమ్మగారూ. కంగారేం లేదు. ఫోన్లో చెప్పేది కాదండీ."

అత్తాకోడళ్లు ఇద్దరూ వెళ్లారు. షెడ్డులో బల్ల మీద తెల్లటి తువ్వాలు పరిచి, దాని మీద ఒక విగ్రహం పెట్టి ఉంది. తేనె రంగు కొయ్య. మడతల్లోనూ చెవుల వెనకా అక్కడక్కడా బంగారు పూత మెరుస్తోంది. తల మీద చిన్న చిన్న ముడుల జుట్టు. భుజాల దాకా వేలాడే చెవులు. సన్నటి పెదవుల చివర ఉందో లేదో తెలియనంత నవ్వు. కళ్లు మూసినట్టూ కాదు, తెరిచినట్టూ కాదు. ఒళ్లోకి చూసుకుంటున్నట్టు కిందికి వాలి ఉన్నాయి.

"ఈయనెవరండీ?" అంది రత్నమాణిక్యం.

"మీ స్వామేనండీ."

కుసుమ దగ్గరికి వెళ్లి చూసింది. "అత్తయ్యగారూ, బుద్ధుడండీ!"

బుద్ధుడంటే రత్నమాణిక్యానికి తెలియకపోలేదు. ఏలూరులో మేనకోడలి గృహప్రవేశానికి ఎవరో ఒక బొమ్మ తెచ్చిచ్చారు. టీవీ పక్కన పెట్టుకున్నారు. భీమవరంలో కుసుమ వెళ్లే బ్యూటీ పార్లర్లో నీళ్లు జారే బొమ్మ ఒకటి ఉంది. అలాంటివాడు తమ దేవుడి గదిలో మీసాలు పెట్టుకుని కూర్చున్నాడంటే ఆవిడకి బుర్రకెక్కలేదు. పక్కనున్న దుంగ మీద కూలబడింది.

"కళ్లేవీ?"

సీమోను కాగితం పొట్లం విప్పి వెండి కళ్లూ మీసాలూ ఆవిడ చేతిలో పెట్టాడు.

"ఇన్నాళ్లూ నన్నే చూస్తున్నాడనుకున్నానండీ," అంది. ఆ తర్వాత ఇంకో మాట గుర్తొచ్చింది. "ఈయన అహింస చెప్పిన దేవుడు కదూ? ఏటేటా ఆయన కాళ్ల దగ్గర కోడి నెత్తురు పెట్టాం."

వీళ్లింటికి లేనిపోని కష్టం తెచ్చిపెట్టానేమో అని సీమోనుకి అనిపించింది. మెల్లిగా విగ్రహాన్ని పక్కకి వంచి, పీఠం వెనకవైపు చూపించాడు. అక్కడ వరసగా అక్షరాలు చెక్కి ఉన్నాయి. గుండ్రటి అక్షరాలు.

"ఇవి చూడండి. అచ్చం మన అక్షరాల్లాగే ఉన్నాయి. చదవబోతే మాత్రం రావటం లేదు. ఇక్కడ కోతమిల్లులో కలప చూసే అప్పారావుగారని పెద్దాయన ఉన్నారు. రంగంలోనే పుట్టారు. అక్కడి బడిలో చదువుకున్నారు. మిమ్మల్ని అడక్కుండా చూపించటం బాగుండదని ఆగానండీ. పిలవమంటారా?"

ఆవిడ తలూపింది.

అప్పారావు వచ్చాడు. డెబ్బై ఏడేళ్ల సన్నటి మనిషి. లుంగీ ముందువైపు ముడి వేసి కట్టుకున్నాడు. గుమ్మం దగ్గరే చెప్పులు వదిలి, లోపలికి అడుగుపెట్టి, బల్ల వైపు చూసి ఆగిపోయాడు. నేరుగా వెళ్లి విగ్రహాన్ని రెండు చేతులా ఎత్తి, పక్కనే ఉన్న ఎత్తయిన బీరువా మీద పెట్టాడు. తర్వాత ఆ రంపప్పొట్టులోనే మోకాళ్ల మీద కూర్చుని, నుదురు నేలకి ఆనించి మూడుసార్లు దణ్ణం పెట్టాడు. లేచేసరికి నుదుటికి పొట్టు అంటుకుని ఉంది. కళ్లు తడిగా ఉన్నాయి.

"ఏమీ అనుకోకండమ్మా. మన నడుము కన్నా ఎత్తులో ఉంచాలి ఆయన్ని. చిన్నప్పటి అలవాటు," అన్నాడు. "మా ఇంట్లోనూ ఉండేవాడు. అరవై నాలుగులో ఓడలో వచ్చేశాం. మనిషికో పెట్టె అన్నారు. మా అమ్మ ఆయన్ని పక్కింటివాళ్లకి ఇచ్చి వచ్చింది. ఓడ కదిలిందాకా ఆయన సంగతే చెప్పుకుని ఏడ్చింది."

సీమోను అక్షరాలు చూపించాడు. అప్పారావు కళ్లజోడు తుడుచుకుని, వేలితో ఒక్కొక్క అక్షరమే తడుముతూ, పెదాలు కదుపుతూ చదివాడు. అరవై ఏళ్ల కింద వదిలేసిన చదువు. రెండు చోట్ల ఆగి, వెనక్కి వెళ్లి మళ్లీ చదివాడు.

"'మా ఖిన్' అని పేరున్న ఆవిడా, ఆవిడ తల్లీ కలిసి దీన్ని చేయించారండీ. 'ఈ పుణ్యంలో అందరికీ సమాన భాగం. దేవతలూ మనుషులూ తాదు అందురు గాక' అని రాయించారు. తాదు అంటే మన సాధు అన్న మాటే. వాళ్ల నోట అలా పలుకుతుంది. ఒకరు మంచిపని చేస్తే, చూసినవాళ్లు తాదు అంటారు. అన్నవాళ్లకీ అందులో భాగం వచ్చేస్తుంది."

"మా ఖిన్," అని రత్నమాణిక్యం ఆ పేరుని నెమ్మదిగా పలికింది. అత్తగారు చెప్పిన పక్కింటావిడ ఆమే అయ్యుంటుంది. ఇన్నేళ్లకి ఆమెకో పేరు దొరికింది.

తర్వాత ధైర్యం తెచ్చుకుని కోడి సంగతి ఆయనకీ చెప్పింది. అప్పారావు మొదట నవ్వాడు.

"తిన్నది మీరే కదండీ అమ్మా! ఆయన ముట్టుకోలేదుగా," అన్నాడు. ఆవిడ నవ్వలేదని చూసి, తనూ నవ్వు మానేశాడు. "మా వీధిలో చేపలమ్మే ఆవిడ ఉండేదండీ. ఆవిడింట్లోనూ ఈయనే. రోజూ పొద్దున్నే చిన్న గిన్నెలో మంచినీళ్లు పెట్టి, పువ్వు పెట్టి, కాసేపు కూర్చుని, అప్పుడు గంప ఎత్తుకుని బజారుకి వెళ్లేది. మీరు తెలిసి చేసింది కాదు. మనసుకి బాధగా ఉంటే ఇక నుంచి ఆయన పేరు మీద చంపకండి. అంతే."

"నీళ్లు పొయ్యకూడదంటున్నారు సీమోనుగారు. మరి ఏం చెయ్యాలి? ఏం కోరుకోవాలి?"

"మా అమ్మ ఏమీ కోరుకునేది కాదండీ. ఎదురుగా కూర్చునేది. లేచేటప్పుడు మా పేర్లన్నీ చెప్పి వీళ్లు బాగుండాలి అనేది. పక్కింటివాళ్ల పేర్లు చెప్పేది. ఆవిడకి కోపం తెప్పించినవాళ్లు ఒకరిద్దరుండేవారు, కాస్త పళ్లు కొరుక్కుంటూ వాళ్ల పేర్లూ చెప్పేది."

"కాపాడడా మరి?"

అప్పారావు కళ్లజోడు తీసి మడిచాడు. "ఏమోనండీ. నేను పెద్దగా చదువుకున్నవాణ్ణి కాదు. ఆయన దగ్గర కూర్చుంటే భయం తగ్గుద్ది, భయం లేకపోతే చెయ్యాల్సిన పని చేతికి తెలుస్తుంది అనేది మా అమ్మ. ఆ చెయ్యి చూడండి, నేలని ముట్టుకుంటోంది. ఆయన్ని బెదరగొట్టి లేపేద్దామని వచ్చారట కొందరు. ఆయన వాళ్లతో పోట్లాడలేదు. నేను ఇక్కడ కూర్చోదగినవాణ్ణే అనటానికి ఈ భూమే సాక్ష్యం అని ఊరికే అలా నేలని ముట్టుకున్నాడంతే."

తిరుగు బస్సులో బుట్ట కుసుమ ఒళ్లో ఉంది. గణపవరం దాటుతుండగా రత్నమాణిక్యానికి అత్తగారి చివరి రోజులు గుర్తొచ్చాయి. వెంకటనరసమ్మ మంచంలో ఉన్నప్పుడు ఒక మధ్యాహ్నం, "మణీ, ఆయన్ని ఈ ఇంట్లో ఉండనివ్వటానికి నేను ఎన్ని వేషాలు వెయ్యాల్సొచ్చిందో. ఆయనకీ వేయించాను," అంది. జ్వరం మాటలనుకుని రత్నమాణిక్యం తడిగుడ్డ నుదుటి మీద వేసింది. ఇప్పుడు ఆ మాట అర్థమైంది. పదిహేనేళ్ల పిల్ల, తల్లి లేని పిల్ల, తెలియని దేవుణ్ణి వెంట పెట్టుకుని అత్తారింటికి వస్తే వాళ్లు ఏమని ఉంటారు? అందుకే కళ్లు పెట్టింది, మీసాలు పెట్టింది, కోడిని కోయించింది. అప్పుడు గానీ ఆయన ఆ ఇంటి దేవుడు కాలేదు. అమ్మ చేతిలోంచి వచ్చిన ఒకే ఒక్క వస్తువుని ఆవిడ అలా దాచుకుంది.

ఆ సంగతి కుసుమకి చెప్పింది. కుసుమ బుట్టని ఇంకాస్త దగ్గరికి తీసుకుంది.

ఇంట్లో దుర్గేష్ విగ్రహాన్ని చూసి, "మన స్వామి ఏడి?" అన్నాడు. జరిగిందంతా చెబితే తల అడ్డంగా ఊపాడు. "ఇవన్నీ హాల్లో షోకి పెట్టుకునే బొమ్మలమ్మా. ఆ కళ్లూ మీసాలూ మళ్లీ పెట్టెయ్యండి. నా మాట వినండి. చెరువుకి ఏదైనా అయితే?"

"కిందటేడు చేప పోయినప్పుడు కళ్లూ మీసాలూ ఉన్నాయి కదరా."

దుర్గేష్ విసురుగా బయటికి వెళ్లిపోయాడు.

కొడుక్కి అంత ధీమాగా చెప్పింది గానీ, రత్నమాణిక్యానికి లోపల ధైర్యమేమీ లేదు. తూర్పు గోడకి సీమోను పంపిన కొయ్య పలక కొట్టించి స్వామిని దాని మీద కూర్చోబెట్టింది. పొద్దున్నే లేవగానే చేతులు చెంబు కోసం వెతుక్కునేవి. స్నానం లేదు, పసుపు లేదు. గిన్నెలో నీళ్లూ ఒక నందివర్ధనం పువ్వూ పెట్టటానికి రెండు నిమిషాలు పట్టేది. ఆ తర్వాత కూర్చోవాలంటే కాళ్లు లాగేవి. ఎదురుగా కూర్చున్నవాడు తనని చూడటం లేదు. ఏం తప్పు చేశానో, ఏం తక్కువ చేశానో ఆ ముఖంలో ఏమీ కనపడదు. మొదటి వారం అది భరించలేకపోయింది.

ఒక మధ్యాహ్నం ఎవరూ లేరనుకుని మైనం వెచ్చబెట్టి, వెండి కళ్లు తీసుకుని పలక దగ్గరికి వెళ్లింది. వెనక కుసుమ వచ్చిన అలికిడైంది.

"పెట్టాలనుంటే పెట్టండి అత్తయ్యగారూ. నేనేమీ అనుకోను."

రత్నమాణిక్యం కన్ను పట్టుకున్న చెయ్యి ఆ ముఖం దాకా తీసుకెళ్లింది. అలాగే ఉంచింది. వేళ్ల మధ్య మైనం గట్టిపడింది. ఎందుకో ఆ వాలిన కనురెప్పల మీద వెండి రేకు అంటించబుద్ధి కాలేదు. నిద్రపోయే పసిపిల్లాణ్ణి లేపుతున్నట్టనిపించింది. చెయ్యి దించేసింది.

"మా అత్తగారి గుర్తుగా బీరువాలో పెట్టు," అని వాటిని కుసుమకి ఇచ్చేసి, చాప వేసుకుని స్వామి ఎదురుగా కూర్చుంది. ఎంతసేపు కూర్చుందో తెలియదు. లేచేటప్పుడు పేర్లు చెప్పుకుంది. దుర్గేష్, కుసుమ, హాస్టల్లో ఉన్న మనవరాలు. తర్వాత పక్క చెరువు అబ్బాయిరాజు పేరు నోటి చివరిదాకా వచ్చింది. మూడేళ్ల కింద గట్టు తగాదాలో అతను దుర్గేష్‌ని నలుగురిలో నానా మాటలూ అన్నాడు. అప్పట్నుంచీ రెండిళ్ల మధ్యా మాటల్లేవు. ఆ రోజుకి ఆ పేరు వదిలేసింది. మూడో రోజున చెప్పింది.

శ్రావణంలో మళ్లీ మబ్బు పట్టింది. నాలుగు రోజులు ఎండ ముఖం చూడలేదు. గాలి కూడా లేదు. అయిదో రోజు తెల్లారేసరికి చెరువు మీద శీలావతి, బొచ్చె చేపలు తలలు పైకి పెట్టి నోళ్లు తెరుస్తున్నాయని పనివాడు పరిగెత్తుకొచ్చాడు. నీళ్లలో గాలి చాలక చేప అలా తేలిందంటే ఇంక గంటా రెండు గంటలే. దుర్గేష్ చొక్కా కూడా వేసుకోకుండా వెళ్లాడు. ఉన్న ఇంజన్ ఒకటి పెట్టి నీళ్లు తిప్పుతున్నారు. రెండోది ఎంతకీ స్టార్టవటం లేదు.

కిందటేడు ఇలాంటి పొద్దున రత్నమాణిక్యం దేవుడి గది తలుపు వేసుకుని, మొక్కుల మీద మొక్కులు మొక్కుతూ మధ్యాహ్నం దాకా బయటికి రాలేదు. ఈసారి గట్టు మీద నిలబడి చూసింది. పక్క చెరువు గట్టున అబ్బాయిరాజు ఇంజన్లు మూడు ఉన్నాయి. అతని చెరువులో కిందటి వారమే పట్టుబడి అయిపోయింది. అవి ఊరికే పడి ఉన్నాయి. దుర్గేష్‌కీ ఆ సంగతి తెలుసు. కానీ అతను ప్రాణం పోయినా అడగడు.

ఆవిడ ఎవరికీ చెప్పకుండా, చెప్పుల్లేని కాళ్లతో గట్టు దిగి అబ్బాయిరాజు ఇంటికి నడిచింది. అతను అరుగు మీద పళ్లు తోముకుంటున్నాడు. ఆవిడ్ని చూసి నోట్లో నురగతోనే లేచి నిలబడ్డాడు.

"అబ్బాయిరాజుగారూ, మా చేప తేలిందండీ. మీ ఇంజన్లు కావాలి. మీకూ మావాడికీ ఉన్నది తర్వాత చూసుకుందురు గాని. ఆడదాన్ని, పెద్దదాన్ని, మీ గుమ్మంలోకి వచ్చి అడుగుతున్నాను."

అతను నురగ ఉమ్మేసి, తువ్వాలుతో మూతి తుడుచుకున్నాడు. "అదేమిటండీ పిన్నిగారూ, అంత మాటంటారు! పదండి," అన్నాడు. ఇద్దరు మనుషుల్ని కేకేసి, తనూ పంచె ఎగ్గట్టి వచ్చాడు.

మూడు ఇంజన్లూ గట్టు దాటి వస్తుంటే దుర్గేష్ నమ్మలేనట్టు చూశాడు. మాట్లాడుకోవటానికి టైము లేదు. ఇద్దరూ చెరో వైపూ దిగి పైపులు లాగారు. నాలుగు ఇంజన్ల నీళ్లు పైకి లేచి చెరువులో పడుతుంటే మొల లోతు బురదలో నిలబడి అరుపులతో మాట్లాడుకున్నారు. ఎనిమిదింటికి మబ్బు కొద్దిగా విచ్చింది. తొమ్మిది దాటాక తలలు ఒక్కొక్కటే కిందికి దిగాయి. చచ్చిన చేప కాస్త ఉంది. కిందటేటితో పోలిస్తే లెక్కలోది కాదు.

గట్టు మీద కుసుమ అందరికీ కాఫీ పోసింది. దుర్గేష్ తల్లి పక్కన వచ్చి కూర్చున్నాడు.

"మొక్కుకున్నావా?" అన్నాడు.

"లేదు."

"ఏం చేశావు మరి?"

"అబ్బాయిరాజుగారింటికి వెళ్లాను కదరా."

దుర్గేష్ కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "ఈసారి పట్టుబడికి కోడి మాటేమిటి?"

"కొయ్యి. అందరం తిందాం. స్వామి పేరు మాత్రం ఎత్తకు," అంది రత్నమాణిక్యం. "అబ్బాయిరాజుగారి ఇంటిల్లిపాదినీ భోజనానికి పిలువు."

ఆ మధ్యాహ్నం దుర్గేష్ కాళ్లు కడుక్కుని దేవుడి గదిలోకి వచ్చాడు. తల్లి వేసిన చాప అక్కడే ఉంది. దాని మీద కూర్చుని పలక వైపు చూశాడు. దణ్ణం పెట్టలేదు. పది నిమిషాలు అలా కూర్చుని వెళ్లిపోయాడు. గుమ్మం అవతల నుంచి చూసిన రత్నమాణిక్యం ఆ సంగతి ఎప్పుడూ ఎత్తలేదు.

పట్టుబడి కార్తీకంలో అయింది. ముందురోజే సీమోనుకీ, అప్పారావుకీ ఫోన్ చేసి రమ్మన్నారు. సీమోనుకి చర్చిలో ఎవరిదో పెళ్లి ఉందట, రాలేకపోయాడు. అప్పారావు ఒక్కడే బస్సు దిగి, చేతిలో తామరమొగ్గలు పట్టుకుని చెరువు గట్టు వెంబడి నడుచుకుంటూ వచ్చాడు. స్వామి ముందు కూర్చుని చిన్నప్పుడు తల్లి దగ్గర నేర్చుకున్న శ్లోకాలు చదివాడు. సగంలో మర్చిపోయి, సిగ్గుపడి, మళ్లీ మొదట్నుంచి ఎత్తుకున్నాడు. అబ్బాయిరాజు భార్య గుమ్మంలో నిలబడి విన్నది. భాష ఎవరికీ తెలియదు. అయినా ఎవరూ మధ్యలో కదల్లేదు.

భోజనాలయ్యాక అప్పారావు గడియారం చూసుకుని లేచాడు. గూడెం వైపు చివరి బస్సు అయిదున్నరకి.

"ఇవాళ ఉండిపోండి," అన్నాడు దుర్గేష్. "పొద్దున్నే నేనే బండి మీద దింపుతాను. అమ్మకి ఆ శ్లోకాలు నేర్చుకోవాలని ఉందట."

అప్పారావు రత్నమాణిక్యం వైపు చూశాడు. ఆవిడ అవునన్నట్టు తలూపి, కుసుమని రాత్రికి ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పొయ్యమని చెప్పటానికి లోపలికి వెళ్లింది.